స్మగ్లింగ్ బంగారం కాస్త చవకగా దొరికితే నష్టపోయేది ఎవరు?

రాజాం_పుత్తడి
మా నాన్నగారి కాలం నుంచి రాజాంలో చిన్న బంగారం కొట్టు నడుపుతున్నాం. హాల్‌మార్కు వేయించి, బిల్లు రాసి, జీఎస్టీ కట్టి అమ్ముతాం. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో బేరాలన్నీ ఒకే మాట దగ్గర తెగిపోతున్నాయి: "బిల్లు లేకుండా అయితే ఎంతకిస్తారు?" ఇవ్వం అంటే లేచి వెళ్ళిపోతున్నారు. బిల్లు లేకుండా బయట దొరికే సరుకు ఎక్కడిదో ఈ లైన్లో ఉన్నవాళ్ళకి తెలుసు. సరిహద్దు దాటించిన బిస్కెట్లు కరిగించి ముద్ద చేసి ఊళ్ళకి పంపుతారు.

మొన్న ఒక పెద్దమనిషి నన్నే నిలదీశారు. "దొంగ బంగారమే అనుకో, జనానికి నాలుగు డబ్బులు తక్కువకి దొరుకుతోంది. గవర్నమెంటుకి పన్ను పోతే పోయింది, దేశానికి పోయిందేటి?" అని. పన్ను ఎగవేత తప్పు అని నేను అంటే ఆయనకి ఎక్కలేదు. ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు, ఆ శాఖల్లో పనిచేసినవాళ్ళు చెప్పండి. అసలు నష్టం ఎవరికి? ఇన్ని చట్టాలుండగా ఎందుకు ఆగదు?

బొబ్బిలి_కోట
పన్ను తగ్గిస్తే ఆగుతుంది. అంతే. ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు.

నాగావళి_ఒడ్డు
గంజాయి మీద పన్ను ఎంతుందో చెప్పు కోటా, తగ్గించమని అర్జీ పెడదాం.

బొబ్బిలి_కోట
బంగారం గురించి అడిగితే గంజాయి ఎందుకు తెస్తారు?

పాత_కస్టమ్స్
ఆ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. పుత్తడి గారూ, ముందు లెక్క చూడండి.

పది గ్రాముల మేలిమి బంగారం ఏ పన్నూ పడక ముందు 1,10,000 రూపాయలు అనుకుందాం. దిగుమతి సుంకం 6 శాతం, అంటే 6,600. రెండూ కలిపిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ, దగ్గర దగ్గర 3,500. పది గ్రాములకి పది వేలు దాటింది, కిలోకి పది లక్షలు. ఆ కిలో బిస్కెట్టు జేబులో సెల్‌ఫోను పట్టినంత చోటులో పడుతుంది. పది లక్షలు మిగలాలంటే ఇంకే సరుకైనా లారీల్లో తోలాలి. అందుకే నడుం బెల్టుల్లో, బూటు అడుగున, చివరికి ఒంట్లో పెట్టుకుని మరీ తెస్తారు.

ఎందుకు ఆగదు అన్నారు. మన దేశం ఈ ప్రయోగం ఇప్పటికి చాలాసార్లు చేసింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది, విదేశీ మారకం కరువైంది. 1963లో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చారు. 14 క్యారెట్లకి మించి కొత్త నగ చేయకూడదన్నారు. 1968లో బంగారం నియంత్రణకి చట్టమే చేశారు. ఆడపిల్ల పెళ్ళికి 14 క్యారెట్ల నగ పెట్టే ఇల్లు మన జిల్లాల్లో ఒక్కటి చూపించండి! జనం మానలేదు. ఉపాధి పోయి స్వర్ణకారుల కుటుంబాలు రోడ్డున పడ్డాయి, బొంబాయి రేవుల్లో దొంగ బంగారం దింపేవాళ్ళు కోటీశ్వరులయ్యారు. 1974లో స్మగ్లర్లని ముందస్తుగా నిర్బంధించే కాఫిపోసా చట్టం, 1976లో వాళ్ళ ఆస్తుల జప్తు చట్టం వచ్చాయి. పట్టుకున్నాం, జైళ్ళలో పెట్టాం. వ్యాపారం మాత్రం నడిచింది.

1990లో ఆ నియంత్రణ చట్టం రద్దయింది. 1992 నుంచి విదేశాల్లో ఉంటున్న మనవాళ్ళు సుంకం కట్టి 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. 1997లో బ్యాంకులకి దిగుమతి తలుపు తెరిచారు. దాంతో దొంగదారిలో తెచ్చేవాడికి గిట్టుబాటు పోయింది. అన్నేళ్ళ దాడుల్లో మేం సాధించలేనిది అలా జరిగింది, ఆ శాఖ మనిషిగా చెప్తున్నాను.

2012 మొదట్లో కూడా సుంకం పది గ్రాములకి 300 రూపాయలే. ఆ ఏడాది జనవరిలో దాన్ని 2 శాతం చేశారు. 2012-13లో కరెంటు ఖాతా లోటు (విదేశాలకి కట్టేది అక్కడి నుంచి వచ్చేదాని కన్నా ఎంత ఎక్కువో ఆ తేడా) జీడీపీలో 4.8 శాతానికి చేరింది, బంగారం దిగుమతి తగ్గించాలని 2013 ఆగస్టు కల్లా సుంకం 10 శాతానికి తీసుకెళ్ళారు. వచ్చిన బంగారంలో అయిదో వంతు ఎగుమతికి పోవాలని 80:20 నిబంధన కూడా పెట్టారు. కాగితం మీద దిగుమతి తగ్గింది, విమానాశ్రయాల్లో పట్టుబడే సరుకు పెరిగిపోయింది. 2014 నవంబరులో ఆ నిబంధన ఎత్తేశారు. 2022 జులైలో సుంకం 15 శాతానికి చేరింది, 2024 జులై బడ్జెట్‌లో 6కి దించారు.

బొబ్బిలి_కోట
నేను అన్నదే కస్టమ్స్ గారు ఒప్పుకున్నారు.

పాత_కస్టమ్స్
సగం ఒప్పుకున్నాను. 15 నుంచి 6కి దించితే లాభం పడిపోవాలి కదా? దించిన రోజుల్లో పది గ్రాములు 70 వేల దగ్గర ఉంది. తర్వాత లక్ష దాటింది. సుంకం శాతం లెక్క, సరుకు ధర పెరిగితే శాతం అదే ఉన్నా రూపాయల్లో దొంగ లాభం పెరుగుతుంది. మోసేవాడు శాతాలు చూడడు, ట్రిప్పుకి ఎంత మిగిలిందో చూస్తాడు.

గజపతినగరం_మాస్టారు
పన్ను తగ్గిస్తే స్మగ్లింగ్ పడిపోతుందనడానికి పాత ఉదాహరణ ఇంగ్లండు టీ. 18వ శతాబ్దంలో అక్కడ టీ మీద సుంకం 119 శాతం దాకా పోయింది. ఊరూరా దొంగ టీయే తాగారు. 1784లో ప్రధాని పిట్ దాన్ని 12.5 శాతానికి కోసేశాడు. సుంకం కట్టిన టీ అమ్మకం ఒక్కసారిగా పెరిగింది, దొంగ టీ వ్యాపారం కూలిపోయింది. డిగ్రీ పిల్లలకి ఇది చెప్తే వెంటనే పట్టుకుంటారు.

ఇప్పుడు పుత్తడి గారి అసలు ప్రశ్న. "జనానికి చవక కదా, నష్టమేమిటి?" ఇది పనికిమాలిన ప్రశ్న కాదు, ఆర్థికవేత్తలు నిజంగా వాదించుకున్న ప్రశ్న. అడ్డగోలు సుంకం ఉన్నచోట దొంగ సరుకు ఆ సుంకం చేసిన చెరుపుని కొంత సరిచేస్తుంది కాబట్టి మేలే అనేవాళ్ళున్నారు. 1973లో జగదీశ్ భగవతి, బెంట్ హాన్సెన్ దీన్ని లెక్క కట్టి, మేలు జరిగి తీరుతుందని చెప్పలేమని తేల్చారు. కారణం సులువుగా అర్థమవుతుంది. దొంగదారిలో తేవడానికి అయ్యే ఖర్చు కూడా దేశం ఖర్చే. దాచడానికి, మనుషుల్ని పెట్టడానికి, లంచాలకి, చుట్టుదారిన తిప్పడానికి, పట్టుబడితే పోయేదానికి, అన్నిటికీ డబ్బూ శ్రమా పోతాయి. ఆ శ్రమ వల్ల కొత్తగా ఒక గింజ పండదు, ఒక గుడ్డ నేయబడదు.

రెండోది, ఆ పెద్దమనిషికి తప్పకుండా చెప్పాల్సింది. దొంగ బంగారం కొన్నవాడికి పన్నంతా మిగలదు. పది గ్రాముల మీద పది వేలు ఎగ్గొడితే కొనేవాడికి ఇచ్చే తగ్గింపు వెయ్యో రెండు వేలో. మిగతాది తెచ్చినవాడికి, పెట్టుబడి పెట్టినవాడికి, కరిగించినవాడికి, చూసీ చూడనట్టు వదిలేసినవాడికి పోతుంది. ఖజానాకి రావాల్సిన పది వేలు పంచుకున్నారు, అందులో చిల్లర మన చేతిలో పెట్టారు. ఆ పది వేలు ప్రభుత్వం వదులుకోదు కదా! కనబడే చోట వేసుకుంటుంది. కనబడేది ఏది? పెట్రోలు, డీజిలు, బిల్లు రాసే దుకాణం.

సాలూరు_లారీ
ఇదిగో, మాస్టారు నా నోట్లో మాట చెప్పినారు. డీజిల్ మీద మన రాష్ట్రంలో 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, మళ్ళీ రూపాయి రోడ్డు సెస్సు. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు ఒడిశా కూడా మూడు రూపాయలు తగ్గించీసింది, మనోలు తగ్గించలేదు. ఘాటీ ఎక్కే బండి ఏదైనా అటు ఒడిశా పొట్టంగి వైపు వెళ్ళాకే ట్యాంకు నింపుతాది. ఇదీ స్మగ్లింగేనేటి?

చీపురుపల్లి_లెక్కలు
కాదు. బండి ట్యాంకులో బండి నడవడానికి పోయించుకున్నది మీ హక్కు. డ్రమ్ముల్లో తెచ్చి ఇక్కడ అమ్మితే నేరం. రాష్ట్రాల మధ్య వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణే చెప్తోంది. కస్టమ్స్ చట్టం దేశ సరిహద్దుకి వర్తించేది. మన బోర్డర్లో జరిగేవి ఎక్సైజు కేసులు, నిత్యావసర వస్తువుల చట్టం కేసులు, జీఎస్టీ కేసులు. పేరు వేరు గానీ పుట్టుక ఒకటే: గీతకి ఇటొక ధర, అటొక ధర.

ఇచ్చాపురం_బోర్డర్
గీత మీద బతికేవోళ్ళం మేము, అడగండి చెప్తాం. మా చిన్నప్పుడు పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల తనిఖీ పోయింది. ఇప్పుడు సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసుకునే ఈ-వే బిల్లు ఉంటే చాలు. 50 వేల లోపు సరుకైతే మామూలుగా అదీ అక్కర్లేదు. అందుకే పెద్ద లారీ బదులు చిన్న ఆటోలు పది తిరుగుతున్నాయి.

మందు సంగతి అందరికీ తెలిసిందే. 1995లో నిషేధం పెట్టినప్పుడు ఒడిశా సారా ఇటు పారింది. 1997లో ఎత్తేస్తే తగ్గింది. మళ్ళీ 2020 మేలో ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచారు, అడిగిన బ్రాండు దొరకదు. ఒడిశా పర్లాకిమిడి నుంచి మన పాతపట్నం ఎంత దూరం? స్కూటీ డిక్కీలో పది సీసాలు పడతాయి. దాని కోసమే అప్పట్లో ప్రత్యేకంగా ఎస్‌ఈబీ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) అని శాఖ పెట్టారు. కుర్రాళ్ళ మీద కేసుల మీద కేసులు. 2024లో ఆ శాఖా తీసేశారు, దుకాణాలు ప్రైవేటుకిచ్చి 99 రూపాయల సీసా పెట్టారు. ఇప్పుడు మా వైపు ఆ డిక్కీ వ్యాపారం ఎవరూ పెద్దగా చెయ్యట్లేదు. కేసులు పడ్డ కుర్రాళ్ళు మాత్రం పోలీసు వెరిఫికేషన్ అంటే ఇప్పటికీ భయపడుతున్నారు. ఒకడికి పాస్‌పోర్టు ఆగిపోయింది.

బొబ్బిలి_కోట
చూశారా మళ్ళీ? ధర కలిస్తే వ్యాపారం పోతుంది.

హిరమండలం_వరి
అన్ని ధరలూ మన చేతిలో ఉంటాయేటి బావూ? వడ్లు చూడు. 2024 ఖరీఫ్‌కి క్వింటాలు మద్దతు ధర 2,300. ఒడిశా ప్రభుత్వం దాని మీద 800 కలిపి 3,100 ఇచ్చింది. మావోళ్ళ పొలం గట్టు దిగితే గజపతి జిల్లా. 800 తేడా ఉంటే వడ్లు ఎటు నడుస్తాయి? నీరు పల్లమెరుగు. కాకపోతే అక్కడి మండీలో టోకెను అక్కడి రైతుకే ఇస్తారు, కాబట్టి ఓ ఒడిశా పట్టాదారు పేరు మీద అమ్మాలి. ఆ పేరు అరువిచ్చినోడికి ఓ వాటా, దళారీకి ఓ వాటా. మా రైతు చేతికి ఆ 800లో ఎంత మిగిలుద్దో మాస్టారు ఇందాక బంగారం లెక్కలోనే చెప్పీసినారు.

యూరియా ఇంకో కత. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. అసలు ఖరీదు దానికి ఎన్నో రెట్లు, మిగతాది కేంద్రం భరిస్తాది. అంత తేడా ఉంటే అది పొలానికే వస్తాదని నమ్మకమేటి? ప్లైవుడ్డు జిగురుకి యూరియా కావాల, ఇంకా ఫ్యాక్టరీలకి కావాల. అందుకే 2015లో అంతటికీ వేప పూత పెట్టారు, ఫ్యాక్టరీకి పనికిరాకుండా. కొంత ఆగింది, మొత్తం ఆగలేదు. 2025 ఖరీఫ్‌లో మా ఆడోళ్ళు తెల్లారకుండా సొసైటీ ముందు చెప్పులు వరస పెట్టి నిలబడ్డారు. ఎరువు దారి తప్పితే దెబ్బ మొదట తగిలేది నాటు వేసినోడికే. ఆ పెద్దమనిషిని మా సొసైటీ లైనుకి తీసుకురండి, దేశానికి పోయిందేటో చూపిస్తాను.

నాగావళి_ఒడ్డు
వరీ, లైన్లో చెప్పులు పెట్టి మనిషి ఇంటికెళ్ళడం మన జిల్లా కనిపెట్టిందేనంటావా?

హిరమండలం_వరి
చెప్పులు పోతే మళ్ళీ కొనొచ్చు, అదును పోతే రాదు నాగావళీ.

చీపురుపల్లి_లెక్కలు
వరి గారు చెప్పినదాంట్లో ఒక తేడా గమనించాలి. పన్ను ఎక్కువై పుట్టే స్మగ్లింగ్ వేరు, సబ్సిడీ వల్ల పుట్టేది వేరు. మొదటిదానికి కోట గారి మందు పనిచేస్తుంది. రెండోదానికి అదే మందు వేస్తే పేదవాడు చస్తాడు.

రేషన్ బియ్యం తీసుకోండి. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద ఉచితం. ప్రభుత్వానికి వడ్లు కొని, ఆడించి, నిలవ చేసి, డిపోకి చేర్చడానికి కిలోకి దాదాపు 40 రూపాయలు పడుతోంది. మా వీధిలో కార్డుదారు దగ్గర పది, పన్నెండుకి కొనేస్తారు. ఆ బియ్యం కొంత పాలిష్ పట్టి ఎగుమతికి పోతుంది, కొంత మళ్ళీ మిల్లుకే చేరుతుంది. మిల్లర్లు ప్రభుత్వం ఇచ్చిన వడ్లు ఆడించి బియ్యంగా తిరిగి అప్పజెప్పాలి కదా, ఆ లెక్కలో ఈ పాత బియ్యం కలిపేస్తారు. అంటే ఖజానా ఒకే బియ్యానికి రెండుసార్లు డబ్బు పెట్టినట్టు. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఓడ దగ్గరికి వెళ్ళి ఆపమన్నది ఈ బియ్యం గురించే.

బొబ్బిలి_కోట
తినని బియ్యం ఇవ్వడం ఎందుకు? నగదు ఇచ్చేస్తే పోదా?

సాలూరు_లారీ
కొండ మీద ఊళ్ళో నగదు ఇస్తే బియ్యం కొనడానికి కొట్టేదీ కోటా? కొటియా ఊళ్ళకి ఓసారి వచ్చి చూడు. రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి, రెండు కార్డులున్న ఇళ్ళున్నాయి. అక్కడ బియ్యమే అన్నం.

పలాస_పిక్కలు
బంగారం, బియ్యం అయిపోయాయి, మా జీడిపప్పు ఎవరూ ఎత్తలేదు. దొంగ సరుకు వల్ల ఉద్యోగం పోవడం అంటే ఏమిటో పలాస-కాశీబుగ్గ వస్తే కళ్ళతో చూడొచ్చు.

మా జీడి తోటల ప్రాంతం ఉద్దానం. అక్కడి పిక్కలు (పప్పు తీయని జీడి గింజలు) మా బట్టీలకి ఏడాది పొడుగునా చాలవు. ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పించుకుంటాం. ఉడకబెట్టడం, కటింగ్, పొట్టు తీయడం, గ్రేడింగు. పొట్టు తీసి గ్రేడు చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. మా అమ్మ, మేనత్త ఆ పనితోనే మమ్మల్ని చదివించారు. ఈ పనంతా ఇక్కడ ఉండాలనే పప్పు రూపంలో వచ్చే దిగుమతి మీద 2019 బడ్జెట్‌లో సుంకం 45 నుంచి 70 శాతానికి పెంచారు. అదే ఏడాది కిలో గుండుకి (విరగని పప్పుకి) 720, ముక్కకి 680 కన్నా తక్కువ ధరకి దిగుమతి చేయకూడదని కూడా పెట్టారు.

మరి పప్పు ఆగిందా? వేరే పేరుతో వస్తోందని మా వ్యాపారులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. పశువుల దాణా అని ఒకసారి, వేయించిన పప్పు అని ఇంకోసారి. నడుముకి కట్టుకుని తెచ్చేది ఒక్కటే స్మగ్లింగ్ కాదు. కంటైనర్లో, అన్ని కాగితాలతో, తప్పుడు పేరు రాసి, తప్పుడు ధర రాసి తెచ్చేది ఇంకా పెద్దది. అలాంటి సరుకు బజారులో పడిన నెలలో మా దగ్గర పప్పు కదలదు. యజమాని బట్టీ ఆపేస్తాడు. ఆపితే ఆయనకి వడ్డీ నష్టం, పొట్టు తీసే ఆవిడకి ఆ రోజు కూలి పోయినట్టే. ఆమె పేరు ఏ జప్తు పంచనామాలోనూ ఉండదు, ఏ నష్టం లెక్కలోకీ రాదు.

ఉద్దానం_మొక్క
పిక్కలూ, నువ్వు చెప్పిందాంట్లో సగమే నిజం. 2018లో తిత్లీ తుఫాను మా జీడి తోటలు పడగొట్టీసింది. మళ్ళీ మొక్క వేసి పెంచుకున్నాం. 80 కిలోల పిక్కల బస్తాకి 16 వేలు ఇవ్వమని రోడ్డెక్కితే మీ వ్యాపారులే కదా, ఆఫ్రికా పిక్కలు చవకని మాకు రేటు కోసింది? పప్పు మీద 70 శాతం కావాల, పిక్కల మీద సుంకం వద్దు. బట్టీకి గొడుగు, రైతుకి ఎండా?

పలాస_పిక్కలు
అన్నా, నేను బట్టీ యజమానిని కాదు, కూలోళ్ళ ఇంటి పిల్లాణ్ణి. నీ బాధ కాదనను. కానీ పిక్కల మీద సుంకం గట్టిగా వేస్తే పిక్కలూ దొంగదారే పడతాయి, లేదా బట్టీ మూతపడుతుంది. అప్పుడు నీ బస్తా కొనేవాడే ఉండడు.

ఉద్దానం_మొక్క
కొనేవోడు ఉన్నా 16 వేలు ఎప్పుడిచ్చినాడు?

గజపతినగరం_మాస్టారు
మీ ఇద్దరి తగాదా ఈ చర్చకి గుండెకాయ. ఏ సుంకం వెనక చూసినా ఒకరి బతుకు, ఇంకొకరి ఖర్చు ఉంటాయి. ఆ బేరం ఎవరి పక్షాన తేలాలో అసెంబ్లీలో, పార్లమెంటులో మాట్లాడుకుని తేల్చుకోవాలి. రైతూ కార్మికుడూ అక్కడ కనీసం అరవగలరు. తప్పుడు బిల్లుతో వచ్చిన కంటైనరు ఆ బేరాన్ని ఎవరికీ చెప్పకుండా మార్చేస్తుంది. నా దృష్టిలో పన్ను నష్టం కన్నా పెద్ద నష్టం ఇది. ఏ పంట కాపాడుతున్నాం, ఏ పరిశ్రమని వదిలేస్తున్నాం అన్న నిర్ణయం మన చేతిలోంచి జారిపోతుంది.

విజయనగరం, నెల్లిమర్ల వాళ్ళకి జనపనార మిల్లుల బాధ తెలుసు. బంగ్లాదేశ్, నేపాల్ నార సరుకు అడ్డగోలు చవక ధరకి వస్తోందని 2017 జనవరిలో దాని మీద అదనపు సుంకం వేశారు. అలాంటి సుంకం పడిన ప్రతి సరుకుకీ దారి మార్చి, పేరు మార్చి తెచ్చే ప్రయత్నం మొదలవుతుంది. దిగుమతి లెక్కలూ చెడిపోతాయి. మనం ఎంత కొంటున్నామో తెలియకపోతే విధానం దేని మీద కడతారు?

రాజాం_పుత్తడి
మాస్టారూ, లెక్కలు చెడిపోవడం అన్నారు. బంగారం విషయంలో అది ఎలా? డాలర్లు అయితే కట్టాలి కదా, దొంగ బంగారానికైనా?

కంచిలి_కోడలు
ఆ ప్రశ్నకి జవాబు మా ఇళ్ళల్లో ఉందనిపిస్తోంది. మా ఆయన ఖతార్‌లో వెల్డరు. సోంపేట, కవిటి, కంచిలి ఏ వీధి చూసినా ఒక్కరైనా గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉంటారు. బ్యాంకులో వేస్తే రెండు రోజులు, చార్జీలు. అక్కడ ఒకతను రియాల్లు తీసుకుంటాడు, ఇక్కడ సాయంత్రానికి ఇంకొకతను బండి మీద వచ్చి రూపాయలు ఇచ్చి వెళ్తాడు. రేటు కూడా బ్యాంకు కన్నా కొంచెం ఎక్కువే. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మేం ఎప్పుడూ అడగలేదు.

పాత_కస్టమ్స్
అమ్మా, నువ్వు చెప్పినదే గొలుసులో మొదటి కొక్కెం. మీ ఆయన ఇచ్చిన రియాల్లు ఇండియాకి రావు. వాటితో అక్కడే బంగారం కొంటారు. ఆ బంగారం విమానంలోనో, బంగ్లాదేశ్, మయన్మార్ సరిహద్దు మీదుగానో లోపలికొస్తుంది. కోల్‌కతా చేరాక హౌరా-చెన్నై లైనులో రైలెక్కి పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం దాటుకుంటూ పోతుంది. విశాఖ స్టేషన్లో డీఆర్‌ఐ (స్మగ్లింగ్ పట్టుకునే కేంద్ర నిఘా సంస్థ) వాళ్ళు అలా దిగినవాళ్ళని పలుమార్లు పట్టుకున్నారు. ఎక్కడో అమ్మితే రూపాయలు వస్తాయి. ఆ రూపాయలే బండి మీద మీ గుమ్మంలోకి వచ్చేవి.

పుత్తడి గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇదే. దొంగ బంగారానికి కట్టిన డాలర్లు మన కార్మికుడి చెమట డాలర్లు. అవి బ్యాంకు ద్వారా వస్తే రిజర్వ్ బ్యాంకు లెక్కలో పడేవి, చమురు కొనడానికి పనికొచ్చేవి. రాలేదు. వచ్చిన బంగారమూ లెక్కలో లేదు, రావాల్సిన డాలరూ లెక్కలో లేదు. సుంకం పెంచి లోటు తగ్గించామని కాగితం చెప్తుంది, లోటు దొంగదారిన అలాగే ఉంటుంది. అదే గొలుసు ఇంకే డబ్బునైనా మోస్తుంది. గంజాయి డబ్బు, లంచం డబ్బు, ఎన్నికల డబ్బు. మీ ఇంటికొచ్చిన నోట్ల పక్క కట్ట ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

నాగావళి_ఒడ్డు
గంజాయి మాట వచ్చింది కాబట్టి ఈసారి సరదాగా కాదు. కోట గారి పన్ను మందు పనిచేయని చోటు ఇది. 1985 నుంచి మాదకద్రవ్యాల మీద ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. అల్లూరి జిల్లాలో, అటు కోరాపుట్, మల్కన్‌గిరిల్లో పండించే గిరిజన రైతుకి బయటి వ్యాపారి ముందే అడ్వాన్సు ఇస్తాడు. కాఫీ, మిరియం కాపుకి రావాలంటే ఏళ్ళు ఆగాలి, ఇది ఒక్క సీజను. తోట తగలబెడితే అప్పు రైతు మీదే. మోసేది ఎస్.కోట, గజపతినగరం వైపు చదువు మానేసిన కుర్రాళ్ళు. మా బంధువుల పిల్లాడు ఒకడు డబ్బాశకి బ్యాగు పట్టుకెళ్ళాడు, బెయిలు దొరకడానికే వాళ్ళ నాన్న రెండెకరాలు అమ్మాడు. ఆ బ్యాగు ఇచ్చినవాడి పేరు ఆ కుర్రాడికే తెలియదు. 2021లో పోలీసుల పరివర్తన ఆపరేషన్‌లో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. సాగు తగ్గింది, రవాణా మాత్రం ఒడిశా సరుకుతో సాగింది. కొండ మీద కాఫీకి, పసుపుకి ఖచ్చితంగా కొనే చెయ్యి ఉన్న ఊళ్ళే నిలబడ్డాయి.

బొబ్బిలి_కోట
దీనికి పన్ను తగ్గింపు మందు కాదు, సరే. కానీ కొనేవాళ్ళు నిలకడగా ఉంటే పంట మారుతుందని మీరే అన్నారు. అదీ ధరే కదా.

నాగావళి_ఒడ్డు
అదీ ధరే. కానీ ఆ ధర నిలబెట్టాలంటే ప్రభుత్వం డబ్బు పెట్టాలి. ఆ డబ్బు పన్నుల్లోంచే రావాలి. పన్ను ఎగ్గొట్టిన సరుకు కొంటూ కొండ మీద కాఫీ కొనమని అడగలేం.

చీపురుపల్లి_లెక్కలు
పుత్తడి గారూ, మీ కొట్టుకి పనికొచ్చే మాట ఒకటి. 2023 ఏప్రిల్ నుంచి హెచ్‌యూఐడీ (ప్రతి నగకీ వేరేగా ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు) లేని నగ హాల్‌మార్కు నగ అని అమ్మకూడదు. బిల్లు లేకుండా అడిగేవాళ్ళకి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూపించండి. బిల్లు లేని ముద్దలో 22 క్యారెట్లు ఉందో 18 ఉందో అడిగే దిక్కు లేదని చెప్పండి. వెయ్యి రూపాయలు మిగిలాయనుకున్న ఇంట్లో మార్పిడికి వెళ్ళినప్పుడు పది వేలు పోవచ్చు. దేశం మాట వినని మనిషి ఈ మాట వింటాడు.

రాజాం_పుత్తడి
కౌంటరు మీద రేపే రాసి పెడతాను. ఆ పెద్దమనిషికి మాస్టారి లెక్క, కస్టమ్స్ గారి గొలుసు రెండూ ప్రింటు తీసి ఇస్తాను.

కంచిలి_కోడలు
కస్టమ్స్ గారూ, ఇంకొకటి అడగాలి. మా ఆయన సంక్రాంతికి వస్తున్నారు. రియాల్లు తీసుకునే ఆ మనిషే ఒక చిన్న ప్యాకెట్ తీసుకెళ్ళమన్నాడట, ఎయిర్‌పోర్టు బయట ఒకరు తీసుకుంటారు, టికెట్ డబ్బు ఇస్తాం అన్నాడట. ఏం చెయ్యాలి?

పాత_కస్టమ్స్
వద్దని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పమ్మా. ప్యాకెట్టే కాదు, వాళ్ళిచ్చే బెల్టు, మిక్సీ, ఫ్లాస్కు ఏదీ ముట్టుకోవద్దను. పట్టుబడితే సరుకు పోతుంది, విలువను బట్టి ఏడేళ్ళ దాకా జైలు పడే సెక్షన్ ఉంది. ఇచ్చినవాడు దొరకడు. నా సర్వీసులో నేను చూసిన మోతగాళ్ళలో చాలామంది టికెట్ డబ్బు కోసం ఒప్పుకున్న కూలీలే.

ఏడాది దాటి అక్కడ ఉండి వస్తే మగవాళ్ళు 20 గ్రాములు, ఆడవాళ్ళు 40 గ్రాముల నగలు పరిమితులకి లోబడి సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నగలే, బిస్కెట్లు, నాణేలు కాదు. అంతకు మించితే రెడ్ చానెల్లోకి వెళ్ళి చెప్పి సుంకం కట్టమను. కొన్న బిల్లు దగ్గర ఉంచుకోమను. డబ్బు బ్యాంకులోనే వేయమను, ఈసారి రెండు రోజులు ఆలస్యమైనా.

బొబ్బిలి_కోట
కస్టమ్స్ గారూ, ఇక్కడి నగలు వేసుకుని వెళ్ళి మళ్ళీ వాటితోనే వస్తే? మా చెల్లి వచ్చే నెల మస్కట్ వెళ్తోంది.

పాత_కస్టమ్స్
వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర నగలు చూపించి ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోమనండి. విలువ కట్టిన పత్రం, ఫొటోలు ఉంటే పని తొందరగా అవుతుంది. ఫ్లయిటుకి మామూలుగా వెళ్ళే టైము కన్నా రెండు గంటలు ముందే వెళ్ళాలి.